నవ్వు పడితే ఆట మొదలు

నేను నలభై ఏళ్లు సినిమా చూపించాను గానీ సినిమా చూడలేదు. ఆపరేటర్ తన కిటికీలోంచి చూసేది తెర మీద బొమ్మను కాదు, బొమ్మ మీద వెలుతురును. హీరో కత్తి దూసినప్పుడు నేను ఆ వెలుతురిచ్చే కార్బన్ కడ్డీ ఎంత కాలిందో చూసుకోవాలి. హీరోయిన్ ఏడ్చేటప్పుడు రీలు ఇంకెంత మిగిలిందో చూసుకోవాలి. అందుకే ఎవరైనా వచ్చి మీ అభిమాన నటుడెవరని అడిగితే నీళ్లు నములుతాను. నాకు అభిమాన గాయని ఒకతే ఉండేది. ఆమె ఏ సినిమాలోనూ పాడలేదు. మూడు నిమిషాల పాట ఒకటి గ్రామఫోన్ రికార్డు మీద పాడింది, అంతే. అప్పటికి ఆమెకు పదిహేనేళ్లు. నాకు ఇరవై దాటి రెండేళ్లు.

ఫోన్లో వేలెట్టి పాటను సగంలో తోసేసే పిల్లలూ, మీకోసమే ఇది రాస్తున్నాను. ఒక్క పాట కోసం ఉద్యోగం పోగొట్టుకున్నవాడి కథ ఇది. పోయిన ఉద్యోగం ఎలా తిరిగొచ్చిందో కూడా చెబుతాను గానీ, అది నా గొప్పతనం వల్ల మాత్రం కాదు.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. మాది డేరా టాకీసు. ఒకే ఊళ్లో ఏళ్ల తరబడి ఆడించడానికి లైసెన్సు ఇచ్చేవాళ్లు కాదు. కొన్ని నెలలు జమ్మలమడుగు, కొన్ని నెలలు పులివెందుల, మధ్యమధ్య రాజుపాలెం, సింహాద్రిపురం. డేరా, గుంజలు, బెంచీలు, ప్రొజెక్టర్, ఆయిల్ ఇంజన్ లారీకెక్కించి వాటి మీద మేం కూర్చుని పోతుంటే, పెళ్లికి పోతున్నామో ఊరొదిలి పారిపోతున్నామో చూసేవాళ్లకు అర్థమయ్యేది కాదు.

ఆ డేరాలో ముఖ్యులం ముగ్గురం. మొదట యజమాని. ప్రొద్దుటూరు మనిషి, అందరూ సావుకారనే పిలిచేవాళ్లు. ఆయన నవ్వగా చూసినవాళ్లు లేరు. తెర మీద హాస్యగాడు జారిపడితే డేరా అంతా పొర్లిపొర్లి నవ్వేది. సావుకారు మాత్రం గేటు దగ్గర నిలబడి, ఈ ఊపుకు బెంచీలు ఎక్కడ విరుగుతాయోనని చూసుకునేవాడు. రెండో మనిషి ఇంజన్ నడిపే సాయిబు. జమ్మలమడుగు ఆయన. నేను మామా అనేవాణ్ణి, ఆయన నన్ను అల్లుడా అనేవాడు. ఆయనకు ఆడపిల్లలు లేరు, అయినా నేను అల్లుణ్ణే. మాతో తెలుగులో మాట్లాడేవాడు, ఇంజన్‌ను ఉర్దూలో తిట్టేవాడు. తెలుగులో తిడితే అది కదలదని ఆయన నమ్మకం. మూడో మనిషిని నేను. ప్రొజెక్టర్ నాది, ఆట మొదలయ్యే ముందు మైకులో రికార్డులు వేసే పని కూడా నాదే.

ఆ రికార్డుల సంగతి చెప్పకపోతే మీకు కథ అర్థం కాదు. పొద్దు గూకగానే కరెంటు కోసం మామ ఇంజన్ పెట్టేవాడు. ఎత్తైన గుంజకు కట్టిన మైకు బూరలోంచి మొదట దేవుడి పాట, ఆపైన ఒకటో రెండో వేరే పాటలు వేసేవాణ్ణి. ఊరికి అదే పిలుపు. గోడల మీద కాగితాలు చదివేవాళ్లు తక్కువ, చేతికి గడియారం ఉన్నవాళ్లు అంతకన్నా తక్కువ. ప్రొద్దుటూరులో ఒక రికార్డుల అంగడాయన అమ్ముడుపోని రికార్డులన్నీ కట్టగట్టి మా సావుకారుకు అంటగట్టాడు. ఆ కట్టలో అడుగున ఉంది ఆ పిల్ల పాట. ఉయ్యాల పాట. నేను మొదట విన్నది రాజుపాలెంలో. గొంతు అంటే ఏమని చెప్పను, కొత్తకుండలో నీళ్లు తాగినట్టుండేది. పాట అయిపోయాక ఒక్క క్షణం నిశ్శబ్దం. తర్వాత ఆ పిల్ల కిలకిలమని నవ్వుతుంది. అంతగా సాధన చేసి పాడిన పాట చివర ఆ నవ్వేమిటో, ఎందుకో ఎవరికీ తెలియదు. ఆ నవ్వు కూడా సగంలోనే టక్కున ఆగిపోతుంది.

ఆ సాయంత్రం దాన్ని చివరి పాటగా వేశాను. నవ్వు వినిపించీ వినిపించగానే ఇంజన్ ఒకసారి దగ్గింది, డేరాలో దీపాలు ఆరాయి, నేను తడబడి ప్రొజెక్టర్ ఆన్ చేశాను, సినిమా మొదలైపోయింది. బయట బొరుగులు కొనుక్కుంటున్నవాళ్లు లబలబలాడుతూ లోపలికి వచ్చారు. మర్నాడు ఊరు ఊరంతా ఆ పాట కోసం చెవులు నిక్కించి కూర్చుంది. నవ్వు పడితే ఆట మొదలవుతుందని వాళ్లే రూలు పెట్టేసుకున్నారు. మేం పెట్టలేదు.

ఆ రూలు మా లారీ కంటే ముందే ఊళ్లు తిరిగింది. జమ్మలమడుగు చేరేసరికి అక్కడివాళ్లకు లెక్కలన్నీ తెలుసు. మొదటి చరణానికి పొయ్యి మీది సంగటి దించాలి. రెండో చరణానికి పిల్లలకు మూతులు తుడిచి వాకిలి గొళ్లెం పెట్టాలి. పల్లవి తిరిగొచ్చేసరికి డేరా గుడ్డ కనబడాలి. నవ్వు పడే లోపల కూర్చోవాలి. "ఇంగా నవ్వు పడ్లేదులేప్పా, టీ తాగు" అని ఒకరికొకరు ధైర్యం చెప్పుకునేవాళ్లు. ఆ పిల్ల పేరు ఎవరికీ అక్కర్లేకపోయింది. నవ్వు పాప అనేవాళ్లు.

నేను మాత్రం పేరు తెలుసుకున్నాను. పేరే కాదు, ఒక పత్రికలో వేలెడంత బొమ్మ పడితే కత్తిరించి నా రేకు పెట్టె మూత లోపల అంటించుకున్నాను. మొహం సగం మసి, అయినా నాకు చాలు. ఆ రికార్డుకు మాత్రం ప్రతిసారీ కొత్త గ్రామఫోన్ ముల్లు వేసేవాణ్ణి. మిగతా రికార్డులను పాత పంచె ముక్కతో తుడిస్తే, దీన్ని మా అమ్మ ఇచ్చిన పట్టుగుడ్డతో తుడిచేవాణ్ణి. మామ చూసి చూసి ఒకనాడు, "అల్లుడా, ఆ ప్లేటుకు నువ్వు చేసే సేవ మీ అమ్మకు చేసింటే నీకు ఈపాటికి పెండ్లి చేసిండేది" అన్నాడు.

ప్రేమ ముదిరితే తల తిరుగుతుందంటారు. జమ్మలమడుగులో ఒకరోజు నాకు అదే జరిగింది. నవ్వు పడింది, జనం కూర్చున్నారు. ఆ రోజెందుకో పాట మరీ బాగా వినిపించింది, మనసాగక ముల్లు తీసి మళ్లీ మొదట్లో పెట్టాను. మూడు నిమిషాలే కదా అనుకున్నాను. లోపలున్నవాళ్లు, ఓహో ఇంకా టైముందని బీడీలకు బయటికొచ్చారు. ఇళ్లల్లో ఉన్నవాళ్లు, మొదటాట ఎప్పుడైపోయిందో, రెండో ఆటకు పిలుస్తున్నారని కంగారుగా పరిగెత్తుకొచ్చారు. గేటు దగ్గర బయటికొచ్చే వరస, లోపలికొచ్చే వరస ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి. ఒకాయన పళ్లెం చేతిలో పట్టుకునే వచ్చాడు, అందులో సంగటి సగం ఉంది. కాలికి సగం కట్టు కట్టించుకున్న మనిషి కట్టు ఈడ్చుకుంటూ వచ్చాడు, దాన్ని ఇంకొకరు తొక్కారు.

సావుకారు నన్ను పక్కకు పిలిచాడు. కేకలు వేయలేదు, అదే భయం.

"ఒరే, ఆ నవ్వు రోజుకు రెండాటలకు రెండుసార్లు. ఇంగోసారి యాళ కాని యాళలో అది పడిందా, నీ పెట్టె నీ నెత్తిన పెట్టి పంపిస్తా. తెలిసిందా?"

తెలిసిందన్నాను. మళ్లీ ఆ తప్పు చేయనని దేవుడి మీద ఒట్టు కూడా వేశాను. ఆ దేవుడికి నా సంగతి ముందే తెలుసేమో, పట్టించుకున్నట్టు లేదు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఎండాకాలం మా డేరా పులివెందులలో ఉంది. ఒకరోజు కొత్త సినిమా రీళ్ల పెట్టె తేవడానికి సావుకారు తెల్లవారుజామున బస్సుకు ప్రొద్దుటూరు వెళ్లాడు. పదకొండు గంటలప్పుడు ఎండ నిప్పులు చెరుగుతోంది. రోడ్డు మీద ఒక కారు బుసలు కొడుతూ వచ్చి సరిగ్గా మా డేరా ముందర ఆగిపోయింది. ముందు భాగంలోంచి ఆవిరి. డ్రైవరు దిగి, ఇక్కడ మెకానిక్ ఎవరైనా ఉన్నారా అని అడిగాడు. మామ పోయి మూత ఎత్తి చూసి, "రేడియేటర్ కారతాంది. సీసంతో మాటు పెట్టాల. రెండు గంటలు పడతాది" అని తేల్చేశాడు.

కారులోంచి కళ్లద్దాల పెద్దమనిషి ఒకాయన, వెనకాలే పదిహేడేళ్ల అమ్మాయి దిగారు. నీడ మా డేరాలో తప్ప మరెక్కడా లేదు. కుర్చీ క్లాసులో తహసీల్దారు వస్తే వేసే చేతుల కుర్చీలు రెండు తుడిచి కూర్చోబెట్టాను. కుండలోంచి నీళ్లు ముంచి ఇచ్చాను. ఆ అమ్మాయి తాగి, "నీళ్లు చల్లగా ఉన్నాయండీ" అంది.

నా చేతిలో చెంబు కింద పడింది. రెండేళ్లుగా రోజుకు రెండుసార్లు విన్న గొంతు. మసి బొమ్మలో కనబడని మొహమంతా గొంతులో కనబడింది. ఏదో అనబోయి, సోడా తెస్తానని పరిగెత్తి, సోడా తెచ్చి, గోలీ కొట్టి, కంగారులో నేనే తాగేశాను. తర్వాత ఇంకొకటి తెచ్చాను.

"మీరు... ఆ ఉయ్యాల పాట..." అన్నాను చివరికి.

ఆమె మొహం వాడిపోయింది. తండ్రి చెయ్యెత్తాడు. "దయచేసి ఆ రికార్డు మాట ఎత్తకండి. దాని వల్ల పడింది చాలు."

ఆ తర్వాత ఎండకో, విసుగుకో ఆయనే చెప్పుకొచ్చాడు. వాళ్లది కోస్తా, మద్రాసులో స్థిరపడ్డారు. పిల్లకు ఆరేళ్ల నుంచి సంగీతం చెప్పించాడు. ఎంతో తిరిగితే రికార్డు కంపెనీలో అవకాశం దొరికింది. పాట చక్కగా పాడింది. పక్కనున్న వేణువు ఆయన పాట చివర తుమ్ము ఆపుకుంటూ బుగ్గలు పూరించి కూర్చున్నాడట. ఆఖరి మాట పాడి ఆయన వైపు చూసేసరికి ఆ బుగ్గలు చూసి ఈ పిల్లకు నవ్వాగలేదు. అది రికార్డులో పడిపోయింది. మళ్లీ తీసే వీలు లేదని కంపెనీవాళ్లు అలాగే విడుదల చేశారు. రికార్డు పోలేదు. ఎక్కడా ఎవరూ కొనలేదన్నారు.

"పోతుందా మరి? అంత మంచి పాట చివర ఆ వెకిలి నవ్వు! పెద్దవాళ్లు ఎవరు ఇంట్లో పెట్టుకుంటారు?" అన్నాడాయన. "ఈ సాయంత్రం ప్రొద్దుటూరులో ఒక పెళ్లిలో కచేరీ ఒప్పుకున్నాం. మాటిచ్చాం గనక పోతున్నాం. దీంతో ఆఖరు. ఇంక పాటా లేదు, నవ్వూ లేదు."

ఆ అమ్మాయి తల వంచుకుని చేతి గాజులు తిప్పుకుంటోంది. తప్పు చేసినదానిలాగా కూర్చుంది. నా దేవత మా డేరాలో, నేను తుడిచిన కుర్చీలో, తన నవ్వును తనే అసహ్యించుకుంటూ కూర్చుంటే నాకు ఏడుపొచ్చింది. నిజంగానే వచ్చింది.

"అమ్మా, నీ నవ్వు పడందే మా ఊర్లల్లో సినిమా మొదలు కాదు" అన్నాను.

ఆమె చటుక్కున తలెత్తింది. తండ్రి లేచి నిలబడ్డాడు. "ఏమయ్యా, ఎగతాళిగా ఉందా? చిన్నపిల్లను పట్టుకుని..."

ఎంత చెప్పినా నమ్మలేదు. నమ్మేలాగా చెప్పడం నాకు చేతకాలేదు. నాకొచ్చిన పని ఒకటే. బయటికెళ్లి కారు కింద దూరి ఉన్న మామ కాళ్లు పట్టి లాగాను.

"మామా, ఇంజన్ పెట్టు."

"ఏంది? పట్టపగలా? యెర్రి గానీ పట్టిందా నీకు?"

"ఆ నవ్వు పాప ఈ పాపనే మామా. నేను చెప్తే నమ్మడంలేదు. ఇంగ పాడనే పాడదంట."

మామ కారు కిందనుంచి పూర్తిగా బయటికొచ్చాడు. మొహమంతా మసి. డేరా వైపు చూశాడు, నా వైపు చూశాడు.

"సావుకారు నిన్ను పంపిచ్చేస్తాడురా అల్లుడా."

"పెట్టె సర్దుకొని వచ్చినా."

అది అబద్ధం, సర్దలేదు. సర్దడానికి ఏముంది, మూత వేస్తే అయిపోయే పెట్టె. మామ చేతులు తుడుచుకుని ఇంజన్ దగ్గరికి పోయాడు. ఆ రోజు దాన్ని తిట్టలేదు. ఒక్క తిప్పుకే అందుకుంది.

కొత్త ముల్లు బిగించాను. రికార్డును పట్టుగుడ్డతో తుడిచాను. ముల్లు దించాను. మిట్టమధ్యాహ్నం పులివెందుల మీద ఉయ్యాల పాట పరుచుకుంది. తండ్రి గేటు దగ్గర నిలబడి రోడ్డు చూస్తున్నాడు. రోడ్డు మీద ఒక కుక్క తప్ప ఎవరూ లేరు. మొదటి చరణం అయింది. కుక్క కూడా లేచి వెళ్లిపోయింది.

రెండో చరణంలో వీధి చివర ఒక మనిషి కనిపించాడు. ఒక చెంపకు గడ్డం ఉంది, ఇంకో చెంపకు లేదు. మెడలో మంగలి కట్టిన గుడ్డ అలాగే ఉంది, వెనకాల మంగలి కత్తి పట్టుకుని పరిగెత్తుతున్నాడు. వాడికి కావలసింది ఆ చెంపో సినిమానో తెలియలేదు. జొన్నరొట్టె తట్టుతున్న చేతులతో ఇద్దరాడవాళ్లు. శనక్కాయల గంప నెత్తిన పెట్టుకుని ఒకామె. బట్టల మూట దించకుండా మగ్గం ఆయన. పాట తిరిగి పల్లవికి వచ్చేసరికి సందులన్నీ మనుషుల్ని కుమ్మరిస్తున్నాయి.

"ఏందప్పా, పగలాట కూడా పెట్టినారా?"

"ఏమో! పాట పడింది, నడూ నడూ!"

రికార్డులో నవ్వు పడింది. అంతే. గేటు దగ్గర అడిగేవాళ్లు లేరు, ఆపేవాళ్లు లేరు. వందల మంది బిలబిలమంటూ డేరాలోకి దూరి, నేల, బెంచీ, కుర్చీ తేడా లేకుండా చతికిలబడి తెర వైపు మొహాలు పెట్టారు. బీడీలు ఆర్పారు. పిల్లల నోళ్లు మూశారు. ఆ అమ్మాయి వాళ్ల మధ్యలో ఇరుక్కుపోయి, కళ్లు ఇంతింత చేసుకుని చూస్తోంది. ఆమె వైపు ఎవరూ చూడలేదు. ఒక అవ్వ వచ్చి మోచేత్తో పొడిచి, "జరుగు పాపా, ఆట మొదలైతాది" అని ఆమె కుర్చీలోనే సగం కూర్చుంది.

"ఆట మొదలవుతుందని మీకెలా తెలుసండీ?" అడిగిందా పిల్ల, చాలా మెల్లగా.

అవ్వ ఆమెను ఎగాదిగా చూసింది. "నవ్వు పడింది గదా! ఊరంతా ఇనింది, నువ్వినలేదా? ఇంత పాపవు, అప్పుడే చెవుడా?"

అప్పుడు నవ్విందా అమ్మాయి. ఆపుకోవాలని చేయి అడ్డం పెట్టుకుంది, ఆగలేదు. అదే నవ్వు. రికార్డులో టక్కున తెగిపోయే చోట తెగలేదు, ఇంకా ఇంకా పోయింది. ఆ నవ్వుకు మిగతా సగం కూడా ఉంటుందని నాకు ఆ రోజే తెలిసింది.

అవ్వ మైకు బూర వైపు చూసింది, పిల్ల నోటి వైపు చూసింది. తర్వాత లేచి నిలబడి డేరా అదిరిపోయేలా కేకేసింది.

"ఒరేయ్! నవ్వు ఈడనే ఉందిరా! నా పక్కన్నే ఉంది!"

డేరా అంతా ఒక్కసారిగా తెరకు వీపు తిప్పింది. ఆపరేటర్‌గా నా నలభై ఏళ్లలో జనం తెరకు వీపు పెట్టి కూర్చున్నది ఆ ఒక్కసారే. పాడు పాపా అన్నారు. ఆమె తండ్రి వైపు చూసింది. ఆయన కళ్లద్దాలు తీసి తుడుస్తున్నాడు, ఎంతసేపు తుడిచినా అవి శుభ్రపడటం లేదు. చివరికి తల ఊపాడు. వాద్యాలు లేవు, ఏమీ లేవు. ఉయ్యాల పాట మొత్తం పాడింది. చివర నవ్వింది. జనం చప్పట్లు కొట్టలేదు, కూర్చున్నచోటే ఇంకొంచెం సర్దుకున్నారు. అలవాటు.

"ఈ వైపు ఒక్క రికార్డు కూడా పోలేదన్నారే కంపెనీవాళ్లు" అన్నాడు తండ్రి నా దగ్గరికొచ్చి.

"పోయింది ఒక్కటేనండీ. ఇదిగో, ఇదే" అని గర్వంగా చూపించడానికి రికార్డు చేతిలోకి తీసుకున్నాను. సరిగ్గా అప్పుడే పాపను దగ్గరగా చూడాలని వెనక నుంచి జనం ఒక్క తోపు తోశారు. మోచేయి తగిలింది. రికార్డు నా కళ్లముందే నేలన పడి నాలుగు ముక్కలైంది.

అది చాలదన్నట్టు, ఆ ముక్కలు ఏరుకుంటున్న నాకు ఎదురుగా రెండు చెప్పులు కనిపించాయి. తలెత్తితే సావుకారు. పక్కన సినిమా పెట్టె. పట్టపగలు ఇంజన్ నడుస్తోంది, డేరా నిండిపోయి ఉంది, గేటు దగ్గర ఎవరూ లేరు, తెర మీద ఏమీ లేదు, జనం వెనక్కి తిరిగి కూర్చున్నారు. ఆయన మొహంలో కోపం కంటే అయోమయమే ఎక్కువ.

"నవ్వు పడింది, ఆట యెయ్యి సావుకారూ!" అని జనం ఒకటే గోల. పగటి వెలుతురులో డేరాలో బొమ్మ కనపడదని ఆయన చెబితే, "అట్లయితే నవ్వెందుకు యేసినావు?" అని నిలదీశారు. కారు బాగయ్యి ఆ అమ్మాయి వెళ్లేదాకా జనం కదల్లేదు. ఎక్కబోతూ ఆమె నా చేతిలోని ముక్కలు చూసి, "పోనీలెండి, బాధపడకండి" అంది. నేను బాధపడుతున్నానని ఆమెకు తెలియడమే నాకు చాలు.

కారు దుమ్ము అణిగాక సావుకారు ఒక్క మాటన్నాడు. "పెట్టె."

అర్థమైంది. మూత వేసి నెత్తిన పెట్టుకున్నాను.

మా ఊరు చాపాడు దగ్గర. సాయంత్రం బస్సు కోసం బస్టాండులో కూర్చున్నాను. బస్సు రాలేదు. ఆ బస్సు సమయానికి వచ్చి ఉంటే ఈ కథకు ఇక్కడే మంగళం పాడేవాణ్ణి. పొద్దు గూకింది. దూరంగా దేవుడి పాట వినిపించింది. ఆ తర్వాత వేరే పాటలు. ఆపైన సావుకారు గొంతు. "ఆట మొదలైతాంది, రండి, రండి."

బస్టాండు టీ అంగడి దగ్గర ఒక్కరూ లేవలేదు.

"సావుకారు పిలుస్తాండాడే" అన్నాడొకాయన.

"పగలు నవ్వు పడినా ఆట ఆడ్లేదు. ఇప్పుడు నవ్వే పడకుండా ఆడతాదా?" అన్నాడు ఇంకొకాయన. ఆ వాదనలో నాకు లోపం కనబడలేదు.

అరగంట పోయాక మామ సైకిలు మీద వచ్చాడు. "రా అల్లుడా. డేరాలో దోమలు తప్ప ఎవురూ లేరు. సావుకారు రమ్మన్నాడు. రమ్మన్లేదు గానీ, యాడికి పోయినాడో చూడు అన్నాడు. రెండూ ఒకటే."

పోయేసరికి సావుకారు మైకు ముందు కూర్చుని ఉన్నాడు. నా వైపు చూడకుండానే, "నవ్వు కావాల. యాడన్నా తే" అన్నాడు. లేదయ్యా, ఉన్నది ఒక్కటే, అది పగిలిందని ముక్కలు చూపించాను. వాటిని అతికించడానికి వీలవుతుందేమోనని ఆయన కాసేపు జతచేసి కూడా చూశాడు.

"నేను నవ్వుతా" అన్నాడు మామ.

ఇద్దరం ఆయన వైపు చూశాం. గడ్డం, మసి చేతులు, ఇంజన్ పొగకు బొంగురుపోయిన గొంతు. ఆడపిల్ల నవ్వు కదా, మర్యాదగా ఉండాలని మామ భుజం మీది తుండుగుడ్డ తీసి నెత్తిన ముసుగేసుకున్నాడు. మైకు ముందు సిగ్గుగా కూర్చున్నాడు. గొంతు సన్నం చేసి, "కి... కి... కి..." అన్నాడు. దాంతోపాటు దగ్గొచ్చింది.

సావుకారు మొహం మొదట ఎర్రబడింది. కొట్టబోతున్నాడనుకున్నాను. తర్వాత ఆయన పొట్ట కదిలింది. భుజాలు కదిలాయి. ఎన్నేళ్ల నుంచి లోపల దాచాడో, మైకు పట్టుకుని విరగబడి నవ్వాడు. మైకు నడుస్తూనే ఉంది. సావుకారు నవ్వు గుంజ మీది బూరలోంచి పులివెందుల అంతా మోగింది. నేను వెంటనే దీపాలు ఆర్పి ప్రొజెక్టర్ దగ్గరికి పరిగెత్తాను. నాకు వచ్చిన పని అది ఒక్కటే కదా.

జనం వచ్చారు. అందరూ వచ్చారు. గేటు దగ్గర మధ్యాహ్నపు అవ్వ, "రికార్డు శానా అరిగిపోయినాదప్పా, పాప గొంతు బండబారిపాయ, కొత్తది తెండి" అని సలహా ఇచ్చి లోపలికి పోయింది.

ఆట అయ్యాక సావుకారు కళ్లు తుడుచుకుంటూ, "ఆ పెట్టె లోపల పెట్టు. అడ్డంగా ఉంది" అన్నాడు. నా ఉద్యోగం తిరిగి రావడమంటే ఇదే. ఆ తర్వాత ఎన్నో నెలలు ప్రతి సాయంత్రం మామ ముసుగేసుకోవడం, సావుకారు నవ్వడం, ఆట మొదలవడం. కొన్నిరోజులకు మామ తుండుగుడ్డ చూపిస్తే చాలు, ఆయనకు నవ్వొచ్చేది.

ప్రొద్దుటూరు పెళ్లికి పోయినవాళ్లు తర్వాత చెప్పారు. ఆ రోజు కచేరీలో ఆ అమ్మాయి ఉయ్యాల పాట పాడి చివర నవ్విందట. తండ్రి పక్కనే కూర్చుని తాళం వేశాడట. ఆ తర్వాత ఆమె ఎన్నేళ్లు పాడిందో, ఎప్పుడు మానిందో నాకు సరిగా తెలియదు. అభిమానికి అన్నీ తెలియాలని లేదు. పనిలో తప్పు చేయకండని మీకు చెప్పే అర్హత నాకు లేదు పిల్లలూ. కొన్ని తప్పులు ఎక్కడో దూరాన ఎవరికో గంట కొడుతుంటాయి, చేసినవాళ్లకే తెలియదు. ఇంతకు మించి నీతులు నాకు రావు.

మరుసటి ఏడు, డేరా ఊరు మారే రోజుల్లో, ఒక సాయంత్రం సినిమా పెట్టె కోసం సావుకారు, నేను ప్రొద్దుటూరు పోయాం. దారిలో ఆ రికార్డుల అంగడి ముందు ఆయన తనంతట తనే ఆగాడు. "ఆ పాప కొత్తదేమన్నా ఇడిచిందేమో అడుగు" అన్నాడు, ఎటో చూస్తూ. అంగడాయన వెతికి ఒక రికార్డు తీశాడు. చీటీ మీద ఆమె పేరు. వెయ్యమన్నాం.

వాన పాట. గొంతు కొంచెం పెద్దదైంది. సావుకారు, నేను గల్లాపెట్టెకు ఆనుకుని నిలబడ్డాం. చరణాలు అయ్యాయి, పల్లవి తిరిగొచ్చింది, ఆఖరి మాట అయింది. ముల్లు గీసుకుంటున్న చప్పుడు తప్ప ఏమీ లేదు.

"నవ్వు యాడ?" అన్నాడు సావుకారు గుసగుసగా.

అప్పుడు పడింది. ఈసారి తెగలేదు. పులివెందుల డేరాలో అవ్వ చెవుడా అని అడిగినప్పుడు నవ్విన నవ్వు, మొదటి నుంచి చివరిదాకా, ఎవరికీ భయపడకుండా. మొదటిది పొరపాటున పడింది. ఇది కావాలని పెట్టింది.

నా చేయి నన్నడగకుండానే గోడ మీదికి పోయి స్విచ్చి ఆర్పేసింది. అంగడంతా చీకటి.

"ఎవురప్పా లైటార్పినాది?" అని కేకేశాడు అంగడాయన.

చీకట్లోంచి సావుకారు గొంతు వినిపించింది. "కూసో అప్పా, ఆట మొదలైతాది."